రాగిరేకు మీద నది: 19వ శతాబ్దపు ఫ్రెంచ్ ఎచింగ్‌లలో ఆ ప్రశాంతత ఎలా వచ్చింది?

పెద్ద మ్యూజియంలు తమ దగ్గరున్న పాత ముద్రణాచిత్రాల ఫొటోలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టాక, 19వ శతాబ్దపు ఫ్రెంచ్ నదీతీరాలు మన ఫోన్లలోకీ వచ్చేశాయి. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్ద బొమ్మ. కింది భాగంలో నీళ్లు, మధ్యలో సన్నటి గట్టు, నాలుగు పోప్లార్ చెట్లు, ఓ పడవ. మిగతాదంతా ఖాళీ కాగితం. చూడగానే మనసు నెమ్మదిస్తుంది. ఆ వెంటే సందేహాలూ మొదలవుతాయి. ఇది పెన్నుతో గీసిందా, అచ్చు వేసిందా? అచ్చయితే ‘ఒరిజినల్’ అని ఎందుకంటున్నారు? అదే బొమ్మ ఒక మ్యూజియంలో మిట్టమధ్యాహ్నంలా, ఇంకో మ్యూజియంలో మునిమాపులా ఎందుకుంది?

ఈ సందేహాలన్నిటి వెనకా ఉన్నది ఒకే ప్రశ్న: ఆ నెమ్మది ఎక్కడ తయారైంది? నది ఒడ్డునా, చిత్రకారుడి గీతలోనా, యాసిడ్ తొట్టిలోనా, అచ్చు వేసిన మనిషి చేతిగుడ్డలోనా? సమాధానం తెలియాలంటే ముందు ఎచింగ్, అంటే రేకు మీద యాసిడ్‌తో గాడులు చేసి అచ్చు వేసే పని, ఎలా జరుగుతుందో తెలియాలి.

ముందు మాటలు తేల్చుకుందాం

రబ్బరు స్టాంపులో ఉబ్బెత్తుగా ఉన్న భాగానికి ఇంకు అంటుతుంది. ఎచింగ్‌లో దానికి సరిగ్గా తలకిందులు: ఇంకు గాడిలో ఉంటుంది, పైభాగం శుభ్రంగా ఉంటుంది. తడి కాగితాన్ని ప్రెస్సు గట్టిగా నొక్కితే అది గాడిలోకి దిగి ఇంకును పైకి తెచ్చుకుంటుంది.

ఆ గాడిని ఎలా చేశారన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. పదునైన ఉలితో లోహాన్ని తవ్వి తీస్తే ఎంగ్రేవింగ్. దానికి ఏళ్ల తరబడి సాధన, చేతి బలం కావాలి. సూదితో నేరుగా రేకును గీకితే డ్రైపాయింట్. గీత పక్కన లేచిన లోహపు అంచు ఇంకును పట్టుకుని మఖ్మల్ లాంటి నలుపునిస్తుంది గానీ, కొద్ది కాపీలకే అణిగిపోతుంది. తవ్వే పనిని యాసిడ్‌కు అప్పగిస్తే ఎచింగ్. ఫ్రెంచివాళ్లు దీన్ని ‘ఓ-ఫోర్త్’ అంటారు. మాటకు మాటగా చూస్తే ‘ఘాటు నీరు’, అంటే నత్రికామ్లం, మన నైట్రిక్ యాసిడ్.

రేకు నుంచి వచ్చే ఒక్కో కాగితం ఒక ఇంప్రెషన్. కొన్ని కాపీలు తీశాక చిత్రకారుడు రేకులో ఏదైనా మారిస్తే, అక్కణ్ణుంచి రెండో ‘స్టేట్’ మొదలవుతుంది. రేకు మారకుండా ఇంకు పూసే తీరు మాత్రమే మారితే అది కొత్త స్టేట్ కాదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీంతోనే పని పడుతుంది.

1862లో ఏం జరిగింది

19వ శతాబ్దం మొదటి సగంలో ఫ్రాన్స్‌లో ఎచింగ్ పెద్దగా గౌరవం లేని పని. పెద్దపెద్ద తైలవర్ణ చిత్రాలకు నకళ్లు తీసే ఎంగ్రేవింగ్‌దే పైచేయి. అప్పుడే ఫొటోగ్రఫీ వచ్చింది. నకలు తీయడమే పరమార్థమైతే కెమెరా చాలు కదా! అప్పుడు కొందరు చిత్రకారులు రెంబ్రాంట్ వైపు, 17వ శతాబ్దపు డచ్చి ప్రకృతి చిత్రాల వైపు తిరిగి చూశారు. చేతి కదలికను ఉన్నదున్నట్టు కాగితం మీదికి తెచ్చే సాధనం ఎచింగేనని వాళ్లు గుర్తించారు.

1862లో ప్రచురణకర్త అల్‌ఫ్రెద్ కదార్ పారిస్‌లో ఎచింగ్ కళాకారుల సంఘాన్ని స్థాపించాడు. అచ్చు పనిలో ఆయనకు దన్ను ఓగ్యుస్త్ దెలాత్ర్. 1867 దాకా నడిచిన ఆ సంఘం నెలకు 5 చొప్పున ఎచింగ్‌లను చందాదారులకు అందించింది. సంఘం మొదలైన 1862లోనే కవి బోద్లేర్ ఎచింగ్ గురించి వ్యాసాలు రాశాడు. ఆ ఏడాదే చిత్రకారుడు షార్ల్-ఫ్రాన్స్వా దోబిన్యీ గీసిన ‘పడవ ప్రయాణం’ ఎచింగ్‌ల సంపుటిని కదార్ ప్రచురించాడు. సంఘ సభ్యుడైన బోర్దో చిత్రకారుడు మాక్సిమ్ లలాన్ 1866లో ఎచింగ్ పద్ధతి మీద పుస్తకమే రాశాడు. 1880లో అది ఇంగ్లిషులోకి వెళ్లి అమెరికాలో ఎందరికో పాఠ్యపుస్తకమైంది.

రేకు మీద పని

మెరిసేలా నునుపు చేసిన రాగిరేకును మెత్తటి సుద్దపొడితో రుద్ది, వేలిముద్రల జిడ్డు కూడా లేకుండా చేస్తారు. తర్వాత రేకును వేడి చేసి, తేనెమైనం, తారులాంటి ఆస్ఫాల్టమ్, మాస్టిక్ అనే చెట్టుబంక కలిపిన ముద్దను దాని మీద కరిగించి, పట్టుగుడ్డ చుట్టిన దూదిఉండతో పలచగా అద్దుతారు. ఈ పూతకు యాసిడ్ అంటదు. పూత ఇంకా వెచ్చగా ఉండగానే రేకును తలకిందులుగా పట్టుకుని కింద మైనపు వత్తుల పొగ పెడతారు. పూత నల్లగా నిగనిగలాడుతుంది. దాని మీద సూదితో గీస్తే రాగి ఎర్రగా మెరుస్తుంది.

సూదితో లోహాన్ని గీకక్కర్లేదు, పూతను తొలగిస్తే చాలు. కాగితం మీద పెన్సిల్ నడిచినంత సులువుగా చెయ్యి నడుస్తుంది. నది ఒడ్డున కూర్చుని గీయడానికి ఎచింగ్ అంతగా కుదరడానికి కారణం ఇదే. అయితే ఒక చిక్కుంది. అచ్చులో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి. అందరికీ తెలిసిన వంతెననో చర్చినో సరిగా చూపించాలంటే అద్దంలో చూస్తూ గీయాలి, లేదా ట్రేసింగ్‌ను తిరగేసి వాడాలి. పేరులేని చెరువుగట్టుకు ఆ బాధ లేదు.

తర్వాత రేకు వెనక వైపుకూ అంచులకూ వార్నిష్ పూసి యాసిడ్‌లో ముంచుతారు. (లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లు ఇష్టపడే తెలుగు పాఠకులకు ఇదంతా దగ్గరి సంగతే. అవీ ఇలా రేకు, పూత, యాసిడ్‌లతోనే తయారవుతాయి, గీసిన లోకం మాత్రం వేరు.)

ఒక రేకు, నాలుగు ముంచులు

ఇప్పుడు అసలు సంగతి. ఒకే సూదితో, ఒకే ఒత్తిడితో గీసిన గీతలు అచ్చులో కొన్ని వెంట్రుకలా, కొన్ని తాడులా ఎలా వస్తాయి? యాసిడ్‌లో ఉన్న సమయం వల్ల. ఎక్కువసేపు ఉన్న గీత లోతవుతుంది, వెడల్పూ అవుతుంది, ఇంకును ఎక్కువ పడుతుంది.

ఒక ఊహాచిత్రం తీసుకుందాం. దూరాన కొండ, ఆకాశంలో రెండు మబ్బు గీతలు. అవతలి ఒడ్డున పోప్లార్‌లు, నీళ్లలో వాటి నీడ. ఇవతల గట్టు, పడవ. అన్నిటికన్నా ముందు నాలుగు తుంగపోచలు. మామూలు గాఢ నత్రికామ్లానికి సమానంగా నీళ్లు కలిపిన తొట్టి అనుకుందాం. ద్రవాల చిక్కదనాన్ని కొలిచే బోమె కొలమానంలో దీని బలాన్ని అప్పట్లో సుమారు 20 డిగ్రీలని చెప్పేవారు. (కలిపేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఎర్రటి పొగ విషం, గాలి ఆడే చోటే ఈ పని చేయాలి.)

మొదటి ముంచు 3 నిమిషాలు. రేకు తీసి, కడిగి, ఆరబెట్టి, ఆకాశానికీ కొండకూ కుంచెతో వార్నిష్ వేస్తారు. వాటి కథ అక్కడితో ముగిసింది. రెండో ముంచు 5 నిమిషాలు: పోప్లార్‌లకు మొత్తం 8. వాటికీ వార్నిష్. మూడోది 10 నిమిషాలు: గట్టుకూ పడవకూ మొత్తం 18. చివరగా 12 నిమిషాలు: తుంగపోచలకు మొత్తం 30. సమయం పదింతలైనా గీత పదింతలు లావెక్కదు గానీ, 3, 8, 18, 30 అనే ఆ మెట్లే కంటిని ఇవతలి ఒడ్డు నుంచి అవతలి కొండ దాకా నెమ్మదిగా నడిపిస్తాయి. మనం ‘గాలి’ అనుకునేది, ‘దూరం’ అనుకునేది ఈ నిమిషాల తేడాయే.

ఆకాశాన్ని కూడా 8 నిమిషాలు ఉంచేస్తే? మబ్బు గీతలు పోప్లార్‌లతో సమానమైన నలుపుతో ముందుకు తోసుకొస్తాయి. ఆకాశం చెట్లకు అడ్డంగా కట్టిన దడిలా కనిపిస్తుంది. గీతల్లో ఒక్కటీ తప్పు కాదు, ప్రశాంతత మాత్రం పోయింది. సరిచేయాలంటే నున్నటి ఉక్కు పనిముట్టుతో ఆ గీతలను రుద్దిరుద్ది పూడ్చాలి. లోతు మరీ ఎక్కువైతే గీకి, పల్లం పడిన చోట రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి పైకి తేవాలి.

ఇంకా చెడిపోయే దారులు చాలా ఉన్నాయి. జిడ్డు సరిగా పోకపోతే పూత అక్కడక్కడా లేచిపోయి, ఖాళీ ఆకాశంలో ఆవాలు చల్లినట్టు చుక్కలు పడతాయి. యాసిడ్ తింటున్నప్పుడు గీతల మీద బుడగలు పట్టి కూర్చుంటాయి. పక్షి ఈకతో వాటిని తోసేయకపోతే గీత పూసలు గుచ్చినట్టు తెగితెగి వస్తుంది. నీడ కోసం గీతలను మరీ దగ్గరగా గీస్తే మధ్యలోని పూత కూలిపోయి అంతా ఒకే గొయ్యి అవుతుంది. వెడల్పాటి గొయ్యిలో ఇంకు నిలవదు. నల్లగా రావలసిన చోట మధ్యలో బూడిదరంగు మచ్చ మిగులుతుంది. చలిగా ఉన్న గదిలో యాసిడ్ మందగిస్తుంది, వేడెక్కితే దూకుడు చూపిస్తుంది. అందుకే పైన చెప్పిన నిమిషాలు రోజు మారితే పనికిరావు. అనుభవజ్ఞులు గడియారంతో పాటు బుడగల జోరునూ గమనిస్తారు, వార్నిష్ కొంచెం గీకి లోతు చూసుకుంటారు.

దోబిన్యీ ఖాళీ, కోరో గజిబిజి

యాసిడ్‌ను పక్కనపెట్టి గీతను చూస్తే, ప్రశాంతతకు ఒకే సూత్రం లేదని తెలుస్తుంది.

దోబిన్యీ 1857లో ‘బోతాఁ’ అనే పడవను స్టూడియోగా మార్చుకుని వాజ్, సేన్ నదుల్లో తిరిగాడు. ఒడ్డున నిలబడి నదిని చూడటం వేరు, నీళ్ల మీద కూర్చుని చూడటం వేరు. కంటి ఎత్తు నీటికి దగ్గరవుతుంది, గట్లు సన్నటి పట్టీలవుతాయి, బొమ్మంతా అడ్డగీతల మీద నిలబడుతుంది. నీటిని ఆయన చాలాసార్లు గీయనే గీయడు. చెట్టు నీడ పడినచోట కొన్ని నిలువు గీతలు, అలకు ఒకటి రెండు అడ్డగీతలు, మిగతాది వట్టి కాగితం. ఆ తెలుపును నీరుగా మార్చేది మన కన్నే. ‘స్టూడియో పడవ’ అనే రేకులో చిత్రకారుడు పడవ లోపల మనకు వీపు చూపిస్తూ పనిలో ఉంటాడు. చుట్టూ కాన్వాసులు, వంటసామాను. పడవ ముందు భాగంలోంచి వెలుతురు లోపలికి వస్తుంటుంది.

కమీల్ కోరో దారి పూర్తిగా వేరు. ఆయన చేసిన ఎచింగ్‌లు సుమారు 14 మాత్రమే. ‘టస్కనీ జ్ఞాపకం’ను భూతద్దంలో చూడండి: సుడులు, కొక్కేలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన గిలుకుళ్లు. ఆకు ఆకులా ఉండదు, కొమ్మకు అంచు ఉండదు. చిన్నపిల్లవాడు పెన్సిలు పట్టి తిప్పినట్టుంటుంది. చేతిదూరానికి జరిపి చూస్తే ఆ గజిబిజే మెత్తటి ఆకుల మసకగా మారిపోతుంది. ఎక్కడా గట్టి అంచు లేకపోవడంతో కన్ను దేనికీ తగులుకోదు, జారుతూ పోతుంది. దోబిన్యీలో వదిలేయడం వల్ల వచ్చిన నిదానం కోరోలో కలిపేయడం వల్ల వచ్చింది. ‘గీతలు తక్కువైతే ప్రశాంతం’ అనే మాట కోరో ముందు నిలవదు.

ఇంకో సంగతి. ‘టస్కనీ జ్ఞాపకం’ రేకును యాసిడ్‌లో కొరికించే పనిలో కోరోకు మరో ఎచింగ్ కళాకారుడు ఫెలిక్స్ బ్రాక్మోన్ సాయపడ్డాడు. గీత ఒకరిది, లోతు ఇంకొకరిది. ఇక అచ్చు దగ్గరికి వస్తే మూడో చెయ్యి కూడా కలుస్తుంది.

గుడ్డ చేసే మాయ మీద తగువు

వెచ్చబెట్టిన రేకు మొత్తానికి చిక్కటి ఇంకు పట్టించి, పలచటి జాలీగుడ్డతో తుడుస్తారు. పూర్తిగా తుడిచి, చివర సుద్ద రాసుకున్న అరచేత్తో మెరిసేలా చేస్తే గాడుల్లో తప్ప ఎక్కడా ఇంకు ఉండదు. అచ్చులో తెల్ల కాగితం, నల్ల గీత: పగటి వెలుతురు. కావాలని పైన పలచటి ఇంకు పొర వదిలేస్తే బూడిద, గోధుమ ఛాయలు వస్తాయి. ఆకాశాన్ని కాస్త శుభ్రంగా తుడిచి నీటిమీద పొర ఉంచితే సాయంకాలం. ఇక మూడో ఉపాయం ‘రెత్రుసాజ్’: తుడిచిన రేకు మీద మెత్తటి మల్లుగుడ్డను తేలికగా లాగితే గాడిలోని ఇంకు కొద్దిగా పైకి వచ్చి గీత అంచుల్లో పరుచుకుంటుంది. పదునైన గీత మెత్తబడుతుంది. ఎక్కువ లాగితే బొమ్మంతా అలుక్కుపోయి బురదవుతుంది.

దెలాత్ర్ ఈ విద్యలో ఆరితేరినవాడు. దాని మీదే ఆ కాలంలో తగువు నడిచింది. ఒక పక్షం వాదన: చిత్రకారుడు చెప్పదలచుకున్నదంతా రేకులో ఉండాలి. అచ్చువేసేవాడు మబ్బు కలపడం మొదలుపెడితే గీతకు బాధ్యత పోతుంది, నాసిరకం రేకు కూడా మసకలో దాక్కుంటుంది. రెండో పక్షం వాదన: గీత వాతావరణాన్ని సూచించగలదు గానీ నింపలేదు. రెంబ్రాంటే రేకు మీద ఇంకు పొర వదిలేవాడు కదా, మనకు తప్పేమిటి? లలాన్ తన పుస్తకంలో రెండు పద్ధతులనూ వివరించాడు. లియోఁ చిత్రకారుడు అదోల్ఫ్ అపియాన్ చెరువులు, చిత్తడినేలల బొమ్మల్లో కొన్నిటికి ఈ ఇంకు పొరే సగం ప్రాణం.

ఈ వాదాన్ని చివరి అంచు దాకా తీసుకెళ్లింది చిత్రకారుడు లుదోవిక్ లెపిక్. షెల్ట్ నది ఒడ్డును చూపే ఒకే ఒక్క రేకు నుంచి ఇంకు పూత మారుస్తూ 85 రకాల బొమ్మలు తీశానని 1876లో రాశాడు. రేకులో గీతలన్నీ అవే. తుడిచే తీరుతో ఒకదాంట్లో వెన్నెల, ఒకదాంట్లో వాన, మరోదాంట్లో మంటల్లో గాలిమర! నిప్పంటుకున్న ఆ రేకే ఇంకో కాగితం మీద నిద్రపోతున్న నదిలా ఉంటుంది. ప్రశాంతత గీతలోనే ఉందనేవారికి ఇది గట్టి ఎదురుదెబ్బ. అలాగని గీత లెక్కలోకి రాదనీ అనలేం. ఆ 85 బొమ్మల్లోనూ దూరాన్ని నిలబెట్టింది కింద ఉన్న ఆ కొద్ది గీతలే. నా మటుకు, శుభ్రంగా తుడిచినా నిలిచే రేకే మంచి రేకు. ఇంకు పొర దానికి సాయంత్రాన్ని ఇవ్వగలదు, చెడిపోయిన ఆకాశాన్ని బాగుచేయలేదు.

పక్కనే పొగ ఓడ

ఇంత నెమ్మది బొమ్మలు అప్పుడే ఎందుకు కావలసివచ్చాయి? 1853 నుంచి పారిస్‌ను కూల్చి కొత్తగా కడుతున్నారు. లలాన్ స్వయంగా బుల్వార్ సేఁ-జెర్మేఁ అనే కొత్త వీధి కోసం ఇళ్లు పడగొట్టడాన్ని ఎచింగ్ చేశాడు. 1843లో పారిస్ నుంచి రువాఁకు, 1849లో ఫోంతెన్‌బ్లోకు రైలు వచ్చింది. నగరవాసి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత దగ్గరైంది అడవి. చిత్రకారుల పోరాటంతో 1861లో ఫోంతెన్‌బ్లో అడవిలో 1,097 హెక్టార్లను కళ కోసం కేటాయించారు.

దీన్నిబట్టి కొందరు విమర్శకులు ఈ బొమ్మలను నగరం కన్న కలగా చూస్తారు: పల్లెలోని చాకిరీ, పేదరికం, ఫ్యాక్టరీలు తీసేసి, అలసిన మధ్యతరగతి గోడకు తగిలించుకునే ఊరట. ఇంకొందరు ఒప్పుకోరు. గుళ్లూ దేవతలూ లేని మామూలు గట్టును బొమ్మకు అర్హమని నిలబెట్టడమే అప్పట్లో తెగువ అంటారు. ‘స్టూడియో పడవ’లో ఒక కాన్వాస్ వెనక ‘రియలిజం’ అన్న మాట కనిపించడం ఊరికే కాదు.

‘పడవ ప్రయాణం’ సంపుటిని వరసగా తిరగేస్తే రెండు వాదాలకూ ఊతం దొరుకుతుంది. నిశ్చలమైన నీళ్లతో పాటు అందులో పొగ ఓడలు లేపిన అలలకు తల్లడిల్లే చిన్న పడవ ఉంది, పొట్టచెక్కలయ్యే హాస్యం ఉంది. దోబిన్యీ చప్పుడును దాచలేదు. మనం షేర్ చేసుకునే బొమ్మల్లోంచి అవి జారిపోయాయి, అంతే.

‘ఒరిజినల్’ అంటే ఏది?

చిత్రకారుడు తానే ఆలోచించి రేకు మీద గీసినదాన్ని ఒరిజినల్ ఎచింగ్ అంటారు. కాపీలు వంద ఉన్నా ప్రతిదీ ఒరిజినలే. వేరొకరి పెయింటింగ్‌ను చూసి చేస్తే అది అనుకరణ ఎచింగ్. దోబిన్యీ కూడా 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రాయిస్‌డాల్ పెయింటింగ్ ‘పొద’ను పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం కోసం ఇలాగే ఎచింగ్ చేశాడు. పని అద్భుతం, కోవ వేరు.

చిత్రకారుడు పోయాక పాత రేకు నుంచి తీసిన కాపీలు మూడో రకం. 1850ల చివరి నుంచి రేకుకు విద్యుత్తుతో పలచటి ఇనుపపూత వేయడం అలవాటైంది. దాంతో వందల కాపీలు తీసినా రాగి అరగదు. అయినా తుడిచిన చెయ్యి మారింది, ఇంకు మారింది, కాగితం మారింది. రేకు అదే, సాయంత్రం అదే కాదు.

కోరో చాలా ఇష్టపడిన ‘క్లిషే-వేర్’ ఈ లెక్కలన్నిటికీ బయట ఉంటుంది. మసి లేదా రంగు పూసిన గాజు మీద సూదితో గీసి, దాన్ని నెగెటివ్‌గా వాడి ఫొటో కాగితం మీద ఎండలో ముద్రిస్తారు. యాసిడ్ లేదు, ప్రెస్సు లేదు. 1853లో అరాస్ పట్టణంలో నేర్చుకున్నప్పటి నుంచి కోరో ఇలాంటివి 66 చేశాడు. దోబిన్యీ కూడా చేశాడు. వాటిలో కొన్ని గాజుల నుంచి 1921లో పారిస్‌లో మళ్లీ ముద్రించారు. ఫోన్‌లో చూస్తే ఎచింగ్‌కూ దీనికీ తేడా దొరకదు.

బొమ్మ చేతికి వస్తే దొరుకుతుంది. దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పట్టాలి. ఎచింగ్‌లో రేకు అంచు నొక్కుకున్న గుర్తు బొమ్మ చుట్టూ కనిపిస్తుంది, నల్లటి గీతలు కాగితం మీద కొద్దిగా ఉబ్బి నిలబడతాయి. క్లిషే-వేర్ నున్నగా ఉంటుంది. పుస్తకంలోంచి కత్తిరించిన ఆఫ్‌సెట్ ముద్రణ అయితే పదింతల భూతద్దంలో చుక్కలు బయటపడతాయి. ఫొటో సాయంతో రేకు మీద గాడులు చేసి అచ్చు వేసే ఫొటోగ్రావ్యూర్ మోసం చేయగలదు. దానికీ రేకు గుర్తు ఉంటుంది. అందుకే అక్కడ ఆకాశంలోని లేతగీతను చూడాలి. 3 నిమిషాల గీతకూ 30 నిమిషాల గీతకూ ఉండాల్సిన ఉబ్బు తేడా అందులో సరిగా ఉండదు, గీత లోపల ఇసుకలాంటి సన్నటి గింజ కనిపిస్తుంది.